సబ్బు బిల్లు నుంచి వీధి కాలవ దాకా: ఊరి డబ్బు లెక్క అడగడం ఎలా

మా వీధి చివర టీ బడ్డీ దగ్గర రోజూ పొద్దున్నే దేశం గురించి మాట్లాడుకుంటాం. సరిహద్దులో ఏం జరిగింది, ఢిల్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారు, అమెరికా వాడు మన రొయ్యల మీద సుంకం ఎందుకు వేశాడు, అన్నీ మాకు తెలుసు. ఆ బడ్డీ ముందరే మురుగు నీళ్ళు నిలిచి ఉంటాయి. ఎవరో రెండు ఇటుకలు వేశారు. ఆ ఇటుకల మీద కాళ్ళు పెట్టి నిలబడి, చేతిలో టీ గ్లాసుతో, దేశ సమైక్యత మీద గంటల తరబడి వాదించుకున్న మనుషులం మేము. ఈ కాలవ సంగతేటి అని ఎవరైనా అంటే మాత్రం అన్ని పార్టీల వాళ్ళదీ ఒకటే మాట. "మనకేటి?"

శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఊరు మాది, టౌనుకి అరగంట దూరం. నేను ఆఫీసర్నీ కాదు, లాయర్నీ కాదు, ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. గ్రామసభలో ఒక పని అడిగి, దాన్ని తీర్మానం పుస్తకంలోకి ఎక్కించి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోవడం ఎలాగో రెండేళ్ళు తిరిగి, ఒకసారి నలుగురిలో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. విజయనగరం వైపు వాళ్ళకైనా ఇదే పద్ధతి, పెద్ద తేడా ఉండదు.

మొదలుపెట్టే ముందు ఇంట్లో ఏదైనా సరుకుల బిల్లు ఉంటే తీసి చూడండి. 42 రూపాయల సబ్బు అనుకుందాం. అందులో సబ్బు ఖరీదు 40, మిగతా రెండు రూపాయలు జీఎస్టీ. బిల్లు అడుగున సీజీఎస్టీ ఒక రూపాయి, ఎస్‌జీఎస్టీ ఒక రూపాయి అని విడివిడిగా వేసి ఉంటుంది. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. 2025 సెప్టెంబరు 22కి ముందు ఇదే సబ్బు మీద నూటికి 18 రూపాయలు పన్ను ఉండేది, ఇప్పుడు 5. సబ్బు గుజరాత్‌లో తయారైనా రాష్ట్రం వాటా గుజరాత్‌లో ఉండిపోదు, కొన్నవాడు ఎక్కడుంటే అక్కడికే వస్తుంది. నరసన్నపేటలో కొంటే ఆంధ్రాకి వస్తుంది, సరిహద్దు దాటి బరంపురంలో కొంటే ఒడిశాకి పోతుంది.

దీంతో ఎందుకు మొదలుపెట్టానంటే, బడ్డీ దగ్గర మా మావ ఒకాయన ఎప్పుడూ అంటాడు, "టేక్సులు కట్టేవోళ్ళు వేరు బావూ, మనం వేరు, ఆళ్ళు పెడితే మనం తినాల" అని. తప్పు. ఉపాధి పనికి వెళ్ళే అప్ప (అక్క) కూడా సబ్బు కొంటుంది, టీ పొడి కొంటుంది, ఫోను రీఛార్జి చేయిస్తుంది. రీఛార్జి మీదైతే ఇప్పటికీ నూటికి 18. పన్ను కట్టని మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు. కాబట్టి లెక్క అడగడానికి వెళ్ళేటప్పుడు దానానికి వెళ్ళినట్టు చేతులు కట్టుకోనక్కర్లేదు. అలాగని "నా డబ్బు" అని మీసం తిప్పనూ అక్కర్లేదు, ఎందుకంటే మన పంచాయతీకి వచ్చే దాంట్లో మనం వేసింది తక్కువ, ఎవరెవరో వేసింది ఎక్కువ.

అదెలాగంటే, కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పద్దు ఒకటుంది. దాన్ని ఎవరికి ఎంత పంచాలో రాజ్యాంగం 280వ అధికరణం కింద వేసే ఆర్థిక సంఘం చెప్తుంది. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం లెక్క నడిచింది: పంచే పద్దులో నూటికి 41 రాష్ట్రాలకి. రాష్ట్రాలకి వెళ్ళే ప్రతి వంద రూపాయల్లో మన ఆంధ్రాకి నాలుగు రూపాయల చిల్లర, బీహార్‌కి పది రూపాయల పైన. సెస్సులు, సర్‌ఛార్జీలు అసలు ఈ పద్దులోకే రావు, అవి మొత్తం కేంద్రానివే, దాని మీద రాష్ట్రాలు గోల పెట్టడంలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను.

కానీ బీహార్ మాట వచ్చినప్పుడల్లా బడ్డీ దగ్గర ఒక వేడి పుడుతుంది. "మనం కడితే ఆళ్ళు తింతన్నారు." ఆ పంపకంలో 45 శాతం మార్కులు తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకే పడ్డాయి, అది నిజమే. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకి 12.5 శాతం మార్కులు పెట్టారు, అది చాలదని దక్షిణాది రాష్ట్రాల వాదన, అదీ సబబే. అయితే మనం సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళం, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. రాష్ట్రం లోపల మనం ఏమని అడుగుతున్నాం? మాది వెనకబడిన జిల్లా, మా పిల్లలు పొట్ట చేత పట్టుకుని వలస పోతున్నారు, మాకు ఎక్కువ ఇవ్వండి అనే కదా. 2014 విభజన చట్టంలో వెనకబడిన ప్రాంతాలకి సాయం అని రాశాక, రాయలసీమ నాలుగు జిల్లాలకీ ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకీ కలిపి, జిల్లాకి ఏడాదికి 50 కోట్ల చొప్పున కొన్నేళ్ళు వచ్చింది. అప్పుడు గుంటూరు వాడో చెన్నై వాడో "మా డబ్బు సిక్కోలు వాళ్ళు తింటున్నారు" అంటే మనకి ఎలా ఉంటుంది? వెనకబడ్డవాడికి కాస్త ఎక్కువ అనే న్యాయం మన దగ్గరికి వచ్చినప్పుడు ఒకటి, బీహార్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకొకటి కాకూడదు. నేనిలా అన్నందుకు మావ రెండు రోజులు నాకు టీ చెప్పలేదు, అది వేరే సంగతి.

సరే, పనిలోకి వద్దాం.

గ్రామసభ అంటే సర్పంచ్ పెట్టే మీటింగ్ అనుకుంటారు చాలామంది. కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటి నుంచీ అంతే. మీరు ఎవరికీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు, ఎవరూ పిలవనక్కర్లేదు. మన రాష్ట్ర పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లయినా సభ పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు సభలు పెట్టారు, ఆ రోజు మా ఊళ్ళో కుర్చీలు చాలక బడి నుంచి బెంచీలు మోశాం. మామూలు రోజుల్లో పదిహేను మంది వస్తే గొప్ప. తేదీ ఎప్పుడో ఊరి సచివాలయంలో అడిగి తెలుసుకోండి, దండోరా వినపడలేదని తర్వాత ఏడిస్తే లాభం లేదు.

సభకి వెళ్ళే ముందు చెయ్యాల్సిన మొదటి పని ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంటి పన్ను కట్టండి. రసీదు జేబులో పెట్టుకోండి.

నా మొదటి సభలో జరిగింది చెప్తాను. మైకు లేదు కానీ నా గొంతు చాలు. కాలవ లేక జనం చస్తుంటే పంచాయతీ ఏం చేస్తోంది, డబ్బులన్నీ ఏమవుతున్నాయి, లెక్క చెప్పాలి అని గట్టిగా అడిగాను. నా వెనక పదిమంది చప్పట్లు కూడా కొట్టారు. సెక్రటరీ గారు ఏమీ అనలేదు. టేబుల్ కింద నుంచి పొడుగాటి డిమాండ్ రిజిస్టర్ తీశారు. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పారు. నా ఇంటి నంబరు దగ్గర వేలు ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని, మెల్లగా చదివారు: "బకాయి మూడేళ్ళు." అంతే. సభ అంతా ఒకటే నవ్వు. నాకు చప్పట్లు కొట్టిన పదిమందిలో ఏడుగురిది కూడా బకాయే, వాళ్ళు కూడా నవ్వారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఇంటి పన్ను, కుళాయి పన్ను, చెరువులో చేపల వేలం, సంత ఆశీలు, ఇవన్నీ పంచాయతీ సొంత ఆదాయం. ఇది పై నుంచి వచ్చే నిధుల్లా కాదు, దీన్ని ఏం చెయ్యాలో ఊరు తేల్చుకోవచ్చు. వీధి దీపం బల్బు, బోరు మోటారు రిపేరు లాంటి చిన్న పనులు దీంతోనే అవుతాయి. చేపల వేలం రోజు తప్పకుండా వెళ్ళండి. పాట పాడకపోయినా పర్లేదు, నలుగురు నిలబడి చూస్తుంటే చాలు, చెరువు ధర దానంతటదే పెరుగుతుంది.

రెండో పని, లెక్క చూడడం. దీనికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఫోను చాలు. కేంద్ర పంచాయతీ రాజ్ శాఖ వాళ్ళది ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే వెబ్‌సైట్ ఉంది, మేరీ పంచాయత్ అని యాప్ కూడా ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటూ పోతే ఆ ఏడాది మీ ఊరు పెట్టుకున్న ప్రణాళిక, వచ్చిన డబ్బు, అయిన ఖర్చు కనిపిస్తాయి. ఒక్కోసారి తెరుచుకోదు, ఓపిక పట్టాలి. డిగ్రీ చదివే గుంటలు ఊళ్ళో ఉంటారు కదా, రీల్స్ చూసే టైంలో పావుగంట అడిగి తీసుకోండి. కనపడ్డ అంకెలు ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసుకోండి. ఫోను చూపిస్తూ సభలో మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు, పుస్తకం తెరిచి తేదీతో సహా చదివితే వింటారు. ఎందుకో తెలీదు, నా అనుభవం మాత్రం అదే.

అక్కడ చూడాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆర్థిక సంఘం పేరుతో వచ్చే డబ్బు అంతా ఒక ముద్ద కాదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం దేనికి వాడాలో ముందే కట్టేసి ఇచ్చారు: సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటి సంరక్షణకి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం కూడదు. 2026 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, మీరు అడిగే ఏడాదికి ఏ లెక్క నడుస్తోందో సెక్రటరీ గారి దగ్గర కనుక్కోండి. ఈ తేడా తెలియకే మా ఊళ్ళో ఒక పెద్ద గొడవ జరిగింది. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టాలని కొందరి పట్టు. పక్క ఊరికి ఉంది, మనకి లేదు, పరువు పోతోంది అని. పారిశుధ్యం డబ్బుతో ద్వారం కట్టడానికి వీల్లేదని అర్థమయ్యేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా ద్వారం మీద ఎవరి పేరు ఉండాలనే దాని మీద ఇంకో గొడవ.

మూడోది కొలత. సమస్యని మాటల్లో చెప్పొద్దు, కొలిచి చెప్పండి. మేం తాపీ మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని ఒక ఆదివారం పొద్దున్న నలుగురం బయల్దేరాం. బడ్డీ దగ్గర్నుంచి వీధి చివరి దాకా కొలిస్తే 120 మీటర్లు వచ్చింది. ఇళ్ళు 34. మా లెక్క అయిపోయిందనుకున్నాం. అప్పుడు వెనక వీధి అప్ప ఒకావిడ గుమ్మంలోంచి కేకేసింది, "మీ కాలవ కట్టుకుంతారు సరే, ఆ నీల్లెక్కడికి ఎల్తాయి బాబూ?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. మా వీధి ఎత్తు, వాళ్ళది పల్లం. మా నీళ్ళు ఇప్పుడు మా రోడ్డు మీద నిలిచిపోతున్నాయి కాబట్టి వాళ్ళు బతికిపోయారు. మేం సిమెంటు కాలవ కట్టుకుంటే ఆ మురుగంతా పరిగెత్తుకుంటూ వెళ్ళి వాళ్ళ గుమ్మాల ముందు పడుతుంది. అక్కడి నుంచి మదుం (నీళ్ళు బయటికి పోయే తూము) దాకా ఇంకో 90 మీటర్లు కాలవ లేదు. వెనక వీధి ఎక్కువ భాగం అవతలి పార్టీ, కులం కూడా వేరు, ఇన్నేళ్ళలో మేం కలిసి ఏ అర్జీ మీదా సంతకం పెట్టలేదు. ఆ పూట టేపు పట్టుకుని వాళ్ళ వీధిలోకి దిగాం. అప్ప కొడుకు రెండో చివర పట్టుకున్నాడు. మొత్తం 210 మీటర్లు, 61 ఇళ్ళు.

నీళ్ళతో వచ్చిన చిక్కే ఇది. వంశధార సంగతీ ఇంతే కదా. ఒడిశాలో పుట్టి మన జిల్లాలోకి దిగుతుంది. చెరి సగం అనే మాట ఎప్పుడో అనుకున్నారు, అయినా 2010లో ట్రిబ్యునల్ వేయాల్సి వచ్చింది, 2017లో తీర్పు వచ్చింది, వంశధార మీద కట్టాలన్న నేరడి బ్యారేజీ మాట నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. రెండు రాష్ట్రాలకే అంత కాలం పడితే రెండు వీధులకి రెండేళ్ళు పట్టడం పెద్ద ఆలస్యమేమీ కాదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నాలుగోది అన్నిటికంటే కష్టం, అవతలి పార్టీ వాళ్ళ ఇంటికి వెళ్ళడం. సభలో మొదటిసారి వాళ్ళ మొహం చూస్తే పని చెడిపోతుంది, ముందే ఇంటికి వెళ్ళాలి. ఎలా మాట్లాడాలో చెప్తాను. పార్టీ పేరు ఎత్తొద్దు. "మీ అయిదేళ్ళలో ఏటి చేసేరు" అన్న మాట నోట్లోంచి వచ్చిందా, అవతల నుంచి "మీరేటి పొడిచేసేరు" అని వస్తుంది, ఇంక టీ కూడా చల్లారిపోతుంది. వరస పెట్టి పిలవండి, మావా, బావా, పిన్నీ, మన వైపు ఎలాగూ ఎవరో ఒకరు చుట్టమే. నోటు పుస్తకంలో గీసిన బొమ్మ చూపించండి. ఎవరికి గొప్ప దక్కాలో ముందే ఒప్పేసుకోండి, ఇది ముఖ్యం. మేం అయితే శిలాఫలకం మీద ఎవరి పేరైనా వేసుకోండి, మాకు అభ్యంతరం లేదన్నాం. సగం గొడవ అక్కడే తీరిపోయింది.

మిగిలిన సగం, పని ఎటు నుంచి మొదలవ్వాలి అన్నది. మా వీధి వాళ్ళు మన దగ్గర్నుంచే అన్నారు, తిరిగింది మనం కదా అని. కాలవ పల్లం నుంచే కట్టుకు రావాలి అని మేస్త్రీ తేల్చేశాడు, లేకపోతే పని అయ్యేదాకా నీళ్ళు వెళ్ళే దారి ఉండదట. అంటే వెనక వీధిదే ముందు. డబ్బు ఒక ఏడాదికి సరిపోకపోతే మా వంతు పై ఏడాదికి. దీనికి మా వీధిలో ముగ్గురు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

డ్వాక్రా సంఘాల వాళ్ళని మర్చిపోవద్దు. మగాళ్ళు పదిమంది అరిస్తే సభలో గొడవ అని రాస్తారు, సంఘం ఆడవాళ్ళు పదిమంది లేచి నిలబడితే పని జరుగుతుంది. వాళ్ళకి మీటింగులో ఎలా మాట్లాడాలో, పుస్తకంలో ఎలా రాయించాలో ఎప్పటి నుంచో అలవాటు.

అయిదోది అర్జీ. సోది వద్దు, ఒక్క పనే అడగండి. మేం రాసింది ఇది:

"గ్రామసభ అధ్యక్షుల వారికి. మా గ్రామంలో టీ బడ్డీ వీధి నుంచి వెనక వీధి మదుం దాకా 210 మీటర్ల మేర మురుగు కాలవ లేదు. రెండు వీధుల్లోని 61 ఇళ్ళ వాడుక నీరు రోడ్డు మీదే నిలుస్తోంది. అంగన్‌వాడీకి వెళ్ళే దారి ఇదే. ఈ పనిని వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చి, పారిశుధ్యం నిధుల నుంచి, మదుం వైపు నుంచి మొదలుపెట్టి చేపట్టాలని ఈ సభ తీర్మానించవలసిందిగా కోరుతున్నాము."

కింద రెండు వీధుల వాళ్ళ సంతకాలు, ఒక వరుస మాది, ఒక వరుస వాళ్ళది కాకుండా, కలిపి పెట్టించండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకటి సచివాలయంలో ఇచ్చి రెండో దాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఒకటే, పొయ్యిలో పెట్టినా ఒకటే. సర్పంచ్ పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారి ఉంటే ఆయనకే ఇవ్వండి, అర్జీలో "అధ్యక్షుల వారికి" అని రాస్తే ఎవరున్నా చెల్లుతుంది.

సభ రోజు త్వరగా వెళ్ళండి. సంతకాల పుస్తకం మీ ముందుకి వస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ పోయాను. మొదటి సభలో ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టి వచ్చేశాను, పైన ఏం రాశారో ఈరోజుకీ నాకు తెలీదు. హాజరు కోసం పెట్టే సంతకం వేరు, తీర్మానం కింద పెట్టే సంతకం వేరు. తీర్మానం రాశాక గట్టిగా చదివి వినిపించమని అడగండి, మర్యాదగానే అడగండి, "ఒక్కసారి సదివీండి సార్, ముసిలోళ్ళకి ఇనపడాల" అంటే ఎవరూ కాదనరు. మీ పని అందులో ఉందో లేదో, ఎన్ని మీటర్లో, ఎటు నుంచి మొదలో విన్నాకే సంతకం. తీర్మానం నంబరు, తేదీ మీ పుస్తకంలో ఎక్కించుకోండి, పేజీ ఫోటో తీసుకోండి. రెండో సభలో మాకు అయిదు నిమిషాల్లో అయిపోయింది. వాదన లేదు, ఎందుకంటే వాదించుకోవాల్సిన వాళ్ళం ముందే వాదించేసుకున్నాం. ద్వారం వాళ్ళు మాత్రం ఒకసారి లేచారు.

తర్వాత ఎదురుచూడ్డం. ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీసుకుంటాడు, అంచనా వేస్తారు, మంజూరు వస్తుంది, పని అయ్యాక కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాస్తారు, దాన్ని బట్టే బిల్లు. ఆ కొలతల రోజు పక్కన నిలబడండి. ఎన్ని మీటర్లు కట్టారో, లోతు ఎంతో మీ పుస్తకంలో కూడా రాసుకోండి. పని ఎక్కడో ఆగిపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి తీర్మానం ఫోటోతో వెళ్ళండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైవాటికి 10. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ దాంతో మొదలుపెట్టొద్దని నా సలహా. ఊళ్ళో రేపు పెళ్ళికీ చావుకీ కలవాల్సిన మనుషులం, ముందు మాట, తర్వాత అర్జీ, ఆఖర్న ఆ కాగితం.

ఊళ్ళో లేనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా రెండు వీధుల్లో కలిపి ఇరవై మందికి పైగా బయటే ఉన్నారు, చెన్నైలో కాంక్రీటు పని, హైదరాబాద్‌లో సెక్యూరిటీ, తీరం వైపు చుట్టాలైతే గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకి వెళ్ళిన 22 మంది ఆంధ్రా మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోయింది, ఎక్కువమంది మన జిల్లా, విజయనగరం జిల్లా వాళ్ళే. బోటు గుజరాత్‌ది, జైలు కరాచీలో, ఎదురుచూపులు ఇక్కడ. 2020 జనవరిలో వాళ్ళలో 20 మంది వాఘా దగ్గర ఇవతలికి అడుగు పెట్టారు. ఆ తర్వాత రెండు మూడు నెలలకే లాక్‌డౌన్. మా పక్కనున్న 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒడిశా, బెంగాల్ వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళడం చూశాం. వెనక వీధి అప్పే, అదే కాలవ గురించి అడిగిన ఆవిడే, గుండిగతో చోడంబలి (రాగి అంబలి) కాచి రోడ్డు పక్కన పెట్టింది. భాష రాదు. గ్లాసు చూపించి తాగమని సైగ చేసేది. "మా పెద్దోడు కూడా ఎక్కడో ఇలగే నడిసి వస్తన్నాడేమో" అని అన్నది. నాకు తెలిసి ఆ రోజుల్లో ఆ గుండిగ దగ్గర ఎవరూ ఏ రాష్ట్రం అని అడగలేదు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారు. ఇటుక బట్టీలకీ ఫ్యాక్టరీలకీ బయటి నుంచి వచ్చిన వాళ్ళని చూసి మన పని లాక్కుంటున్నారని బడ్డీ దగ్గర అంటుంటే, చెన్నైలో మన గుంటల్ని చూసి అక్కడి బడ్డీల దగ్గర ఏమంటున్నారో అనిపిస్తుంది.

బయట ఉన్నవాళ్ళని సభలో ఎలా కలుపుకోవాలంటే, వీధి వాట్సాప్ గ్రూపులో అర్జీ ఫోటో పెట్టండి, వాళ్ళ ఇంటి నుంచి ఒక మనిషి సభకి వచ్చేలా చూడండి. ఇంటి పన్ను బకాయి అక్కడి నుంచే పంపించమనండి. వాళ్ళకి పనికొచ్చే మాట కూడా చెప్పండి: రేషన్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. 2019 ఆగస్టులో మొదట కలిపి చూసిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రా, తెలంగాణ ఒకటి. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి ఇది తెలియక ఏడాది పాటు బియ్యం కొనుక్కు తిన్నాడు. ఇంకో మాట, ఆ గ్రూపులో పార్టీ వీడియోలు పెట్టేవాణ్ణి మొదటిరోజే ఆపండి. మా గ్రూపు ఒకసారి అలా పాడై రెండుగా చీలింది, కాలవ ఫోటో రెండు చోట్లా విడివిడిగా పెట్టాల్సి వచ్చింది.

ఇప్పటి పరిస్థితి చెప్తాను. మదుం నుంచి వెనక వీధి అంతా, 90 మీటర్లు, కాలవ అయింది. పలకలు ఇంకా వేయలేదు, పోయిన వానల్లో ఒక మేక అందులో పడితే తీశారు. మా 120 మీటర్లు ఈ ఏడాది ప్రణాళికలో ఎక్కాయి, నంబరు నా పుస్తకంలో ఉంది, వచ్చే సభలో అడగాలి. బడ్డీ ముందర ఇటుకలు అలాగే ఉన్నాయి. మేస్త్రీ టేపు ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆయన అడిగినప్పుడల్లా కొలతల రోజు అయ్యాక ఇస్తానంటున్నాను.